గోటి మీద చుక్క

గొర్రె అలిగితే గడ్డం పట్టుకుని బతిమాలే మొగుణ్ణి మీరెక్కడైనా చూశారా? సీసాలమ్మ చూసింది. చూడ్డమేమిటి, ముప్పై ఎనిమిదేళ్ళుగా అలాంటి మనిషితోనే కాపురం చేస్తోంది.

"ఏమ్మా, ఇంకా కోపం పోలేదా? సూది పొడిచింది నేనా? డాక్టరమ్మ పొడిచింది. నేను తల పట్టుకున్నానంతే కదే," అంటున్నాడు పెద్ద కాపరి, దడి మీదుగా లోపలికి వంగి. లోపలున్న గొర్రె ఆయనకి వీపు చూపించి గోడకేసి నిలబడింది. చెవి కూడా కదపలేదు.

సీసాలమ్మ చేతిలో బుట్ట, బుట్టలో కడిగిన సీసాలు. అటుగా పోతూ ఆగింది. "అది అలిగితే పూటకోసారి వచ్చి బతిమాలతావు. నేను అలిగిన రోజున మాత్రం ముసుగు తన్ని పడుకుంటావు."

"నువ్వలిగితే నాలుగు తిట్టి ఊరుకుంటావే. ఇది మేత మానేస్తుంది."

"అయితే ఇకనుంచి నేనూ మేత మానేస్తాను. అప్పుడైనా చూస్తావు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసే కదా ఆవిడ ఇన్నేళ్ళూ ఆ మనిషిని భరించింది. పైకి మాత్రం మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ గొర్రెల ఫారంలో మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఉద్యోగమే. ఆయన మందకి పెద్ద కాపరి. ఆవిడ ఫారం చివరనున్న చిన్న ల్యాబ్‌లో సీసాలు కడగడానికి చేరింది, ఆ పేరే స్థిరపడిపోయింది. తర్వాత పాలు పరీక్ష చేయడం కూడా నేర్చుకుంది కానీ పేరు మార్చే ఓపిక ఎవరికుంది? సీసాలమ్మ సీసాలమ్మగానే ఉండిపోయింది.

ఆవిడ దగ్గర జానెడు పొడుగు గొట్టం ఒకటుండేది. దాని కొసనున్న ఏటవాలు అద్దం మీద ఒక పాలచుక్క వేసి, వెలుతురుకేసి పట్టుకుని ఇవతల నుంచి చూస్తే లోపల అంకెలూ, వాటి మధ్య ఒక నీలం గీతా కనపడతాయి. పాలు ఎంత చిక్కగా ఉంటే గీత అంత పైకి పోతుంది. ఆ గొట్టం అంటే ఆవిడ ముసలాయనకి ఒళ్ళుమంట. ఆయన లెక్క వేరు. బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకుని వేలు వంచేవాడు. చుక్క జారితే పల్చన, నిలబడితే చిక్కన, అంతే.

"నా గోటికి బ్యాటరీ అక్కర్లేదు," అనేవాడు.

"నా గొట్టానికీ అక్కర్లేదు. బుర్ర మాత్రం కావాలి," అనేది ఆవిడ.

ఇంతకీ అలిగిన గొర్రె సంగతి. దాని పేరే అలకమ్మ. పుట్టిన రోజునే తల్లి చచ్చిపోతే, ముసలాయన దాన్ని చొక్కాలో పెట్టుకుని, వేరే గొర్రె దగ్గర ముర్రుపాలు పితికి సీసాతో పట్టి బతికించాడు. దానికి తాను గొర్రెనన్న సంగతి ఈ రోజుకీ తెలీదేమోనని సీసాలమ్మ అనుమానం. మందలో కలవదు, మనుషుల వెంట నడుస్తుంది, చిన్నమాట అంటే అలుగుతుంది. అన్నీ బాగానే ఉన్నాయి కానీ మూడేళ్ళు పొట్టేళ్ళతో కలిపినా దానికి చూలు నిలవలేదు. మందలో అలాంటివి మొత్తం ఆరు తేలాయి. ఈనని గొర్రెకి మేత దండగ అన్నాడు ఓనరు. లారీ ఎక్కించేద్దామన్నాడు. లారీ ఎక్కిన గొర్రె ఎక్కడికి పోతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

అప్పుడు అడ్డంపడింది డాక్టరమ్మ. వయసు ముప్పై దాటదు, మాట మాత్రం గట్టిది. ముసలాయన్ని బాబాయ్ అనీ, సీసాలమ్మని పిన్నీ అనీ పిలుస్తుంది. ఓనరు ముందు కూచుని ఆవిడ చెప్పిందేమిటంటే: గొర్రెపిల్ల పుట్టేటప్పటికి దాని ఒంట్లో రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు దాదాపు ఉండవు. మనిషి బిడ్డకైతే కడుపులో ఉండగానే తల్లి కొంత ఇచ్చి పంపుతుంది. గొర్రె అలా కాదు, ఇవ్వాల్సిందంతా ముర్రుపాలల్లో పెడుతుంది. పిల్ల ఆ పాలు మొదటి రోజే తాగాలి. తల్లి చచ్చిపోయినా, తల్లికి పాలు పడకపోయినా పిల్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. కిందటి ఈతల్లో అలా పదకొండు పిల్లలు పోయాయి. ఓనరుకీ ఆ లెక్క గుర్తుంది.

"తల్లి రక్తంలో ఉన్న ఆ బలం పొదుగులోకి దిగాలంటే హార్మోన్లు తలుపు తీయాలి," అంది డాక్టరమ్మ. "ఈనే ముందు అవి వాటంతటవే తీస్తాయి. ఈ ఆరు గొర్రెలకీ అవే హార్మోన్లు సూదితో ఇచ్చి చూద్దాం. చూలు లేకపోయినా ముర్రుపాలు వస్తే, తీసి గడ్డకట్టించి దాచుకోవచ్చు. తల్లిలేని పిల్లలకి ఇవే పాలతల్లులవుతాయి."

ఓనరు మరీ రాతిమనిషేం కాదు. "సీసాలమ్మ గొట్టంలో గీత ఇరవై రెండు దాటితే ఉంచుతాను. దాటకపోతే లారీ," అన్నాడు.

ఆ రోజు నుంచి ముసలాయనకి కంటి మీద కునుకు లేదు. వారం రోజులు సూదులు, ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరూ పొదుగు ముట్టుకోకుండా ఊరుకోవడం. ఆ ఊరుకోవడమే ఆయన వల్ల కాలేదు. అలకమ్మకి మధ్యలో జ్వరం తగిలి దాని సూదులు ఎనిమిది రోజులు వెనకబడ్డాయి. మిగతా అయిదింటికీ పొదుగులు దిగి, చూస్తూండగానే నిండుతున్నాయి. చూలు లేని గొర్రెకి నిండు పొదుగు! ముసలాయన పొద్దున్నోసారి, సాయంత్రం మేత వేశాక ఓసారి, వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

పరీక్ష రోజు సోమవారం పడింది. ముసలాయన ఒక్కో గొర్రెనీ రెండు పక్కలా పితికి పంపితే, సీసాలమ్మ రెండు పక్కల పాలూ ఒక గాజు జగ్గులో కలిపి, ఒక చుక్క తీసి గొట్టంలో చూసింది. మొదటిది పద్దెనిమిది. రెండోది పంతొమ్మిది. మూడోది పదిహేడు. నాలుగోది మళ్ళీ పంతొమ్మిది. ప్రతిసారీ ఆవిడ గొట్టం తుడిచి, కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి చూసింది. గీత మొండితనం గీతది.

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. ఆ నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకుని ఓనరు గదికి నడిచింది.

అయిదో గొర్రె పాలు వచ్చేసరికి సీసాలమ్మ ధ్యాసంతా ఓనరు గది మీదే ఉంది. జగ్గు జారి కిందపడి భళ్ళుమంది. అందులో ఇంకా పాలు పోయలేదు కాబట్టి సరిపోయింది. వేరే జగ్గు లేదు. కుడి పక్క పాలు ఒక సీసాలో, ఎడమ పక్క పాలు ఒక సీసాలో అలాగే ఉన్నాయి. సర్లెమ్మని దేనికది చూసింది.

కుడి పక్క, ఇరవై అయిదు.

ఎడమ పక్క, పన్నెండు.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఒకే గొర్రె, ఒకే పొదుగు, ఒకే సూది. ఇదేం వింత? ఇంతలో డాక్టరమ్మ తిరిగొచ్చింది.

"పిన్నీ, అయిపోయింది. వచ్చే మంగళవారం లారీ చెప్పేశారు. ఆఖరిది, అలకమ్మని, ఆ పొద్దున్నే చూస్తారట. అది గనక గీత దాటితే ఆరింటినీ ఉంచుతామన్నారు. ఏదో నా మొహం చూసి అన్న మాటే అది."

సీసాలమ్మ రెండు అంకెలూ చెప్పింది. డాక్టరమ్మ గొట్టం లాక్కుని తనే చూసింది. నుదురు ముడిచింది.

"పొదుగులో రెండు అరలుంటాయి పిన్నీ. దేని దారి దానిదే. పిల్ల వచ్చి చన్ను పట్టగానే ఇక పిల్ల పుట్టేసిందని ఒళ్ళు అనుకుంటుంది. యాంటీబాడీల తలుపు మూసేసి, మామూలు పాలు మొదలుపెడుతుంది. ఒక పక్కనే పితికితే ఆ పక్కే మూసుకుంటుంది. కానీ ఇక్కడ పిల్లలెక్కడివి? ఇవాళ్టి వరకు వీటిని ఎవరూ ముట్టుకోలేదు కదా! మనం ఇచ్చిన మందులోనే ఏదో లోపం ఉండుంటుంది."

సీసాలమ్మ చూపు ఎడమ సీసా మీదే ఆగిపోయింది. "అంతేలెండి," అంది, సీసాలు సర్దుతూ.

ఎడమ పక్క! ఆవిడ మొగుడి కుడి మోకాలు పదేళ్ళుగా వంగదు. ఏ గొర్రె దగ్గరైనా దాని ఎడమ పక్కనే ఎడమ మోకాలి మీద కూలబడతాడు. బల్ల మీద కూర్చున్నా ఎడమ చివర, మంచం మీదా ఎడమ వైపే. ఇంట్లో దుప్పటి ఎటు చిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషికి ఆ పన్నెండు అంకెలో ఎవరి చెయ్యుందో తెలీదా?

అయినా మనసు ఒప్పుకోక సాయంత్రం మేత వేళకి షెడ్డు వైపు వెళ్ళింది. తలుపు దగ్గర ఫారం పిల్లి కూచునుంది. ఎలకల కోసం తెచ్చిన పిల్లి అది. ఈ వారం రోజుల్లో గుమ్మడికాయలా తయారైంది, ఎలకలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సీసాలమ్మని చూసి కూడా లేవకుండా, మొదటి గొర్రె ఎడమ పక్కకి తీరిగ్గా నడిచి, నోరు తెరుచుకుని కూచుంది. ధార ఎప్పుడు పడుతుందా అన్నట్టు.

"నీ మొహం మండ!" అంది సీసాలమ్మ. పిల్లిని కాదు.

ఇంటికెళ్ళి అంట్లు ముందేసుకుంది. ఆ ఇంట్లో అంట్లు తోముతున్న చప్పుడుని బట్టి వాతావరణం చెప్పొచ్చు. ముసలాయన గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చప్పుడు విని ఆగిపోయాడు.

"ఏమైందే?"

"రా, కూచో. నీ బొటనవేలు చూపించు."

"ఎందుకు?"

"చూపించమంటున్నానా!"

చూపించాడు. గోటి అంచున పసుపుపచ్చటి పొర ఎండి అంటుకుపోయుంది. ముర్రుపాలు తప్ప ఇంకేవీ అలా ఎండవు.

"రోజూ ఎన్ని ధారలు తీశావు?"

ముసలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "రెండే. ఒకటి గోటి మీదకి, ఒకటి పిల్లికి. పాపం అది ఎదురు చూస్తుంటుంది."

"పాపమా!"

"చిక్కబడ్డాయో లేదోనని చూశానే. ముందు బాగా చిక్కగా ఉన్నాయి, తెలుసా? చుక్క కదల్లేదు. మూడో రోజు నుంచి జారడం మొదలెట్టింది. నాకేమో భయమేసింది. అందుకని పూటకోసారి చూశాను."

సీసాలమ్మ తోముతున్న గిన్నె కింద పెట్టింది. కేకలేద్దామనే కూచుంది, నోట్లో తిట్లన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి. ఆ మొహం చూశాక ఒక్కటీ పైకి రాలేదు. డాక్టరమ్మ చెప్పిన తలుపు సంగతి మెల్లిగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కుడి పక్క ఇరవై అయిదూ, ఎడమ పక్క పన్నెండూ చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు.

"అయితే వాటి కొంప ముంచింది నా చేతులేనన్నమాట."

"నువ్వు కావాలని చేశావా?"

"పాలు పడతాయో లేదోనని ప్రాణం కొట్టుకుపోయి చూశానే. ఆ చూడ్డం వల్లే పోయాయా?"

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "అలకమ్మని ఎన్నిసార్లు చూశావు?" అని అడిగింది.

"అది దగ్గరికి రానిస్తేగా! సూదికి తల పట్టుకున్న రోజు నుంచి వీపే చూపిస్తోంది. చెయ్యి వేయబోతే తన్నింది కూడా."

సీసాలమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "దాని అలకే దాన్ని కాపాడిందయ్యా! విను. మంగళవారం దాకా నువ్వు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మేత నేను వేస్తాను, నీళ్ళు నేను పెడతాను. ఈ సంగతి డాక్టరమ్మకీ, ఓనరుకీ తెలియక్కర్లేదు. మన కడుపులోనే పెట్టుకుందాం. పేరున్న కాపరివి, ఈ వయసులో మాట పడాల్సిన ఖర్మేంటి నీకు?"

ఆయన తలూపాడు. ఎందుకు ఊపాడో, దేనికి ఊపాడో ఆవిడ అప్పుడు పట్టించుకోలేదు.

చెప్పినంత తేలిక కాదు చేయడం. ఎందుకంటే సరిగ్గా మర్నాడే అలకమ్మకి కోపం పోయింది! సూదులు ఆగిపోయాయి కదా, ఇక క్షమించేద్దామనుకుందో ఏమో. పొద్దున్నే దడి మీద మోర పెట్టి ముసలాయన కోసం ఒకటే అరుపు. ఆయనేమో షెడ్డు బయట గోడ పక్కన నిలబడి లోపలికి వినపడేలా, "వస్తానమ్మా, మంగళవారం వస్తాను," అని సముదాయిస్తాడు. గొంతు వినపడితే అది ఇంకా అరుస్తుంది. అది అరిస్తే ఈయన కళ్ళు తుడుచుకుంటాడు. మధ్యలో సీసాలమ్మ మేత గంప మోసుకుంటూ ఇద్దర్నీ తిట్టుకుంటూ తిరిగేది.

"ముప్పై ఎనిమిదేళ్ళలో నేను పుట్టింటికెళ్ళినప్పుడు ఒక్కసారి ఇలా ఏడ్చావా?"

"నువ్వు తిరిగొస్తావని తెలుసుగా."

ఆ మాటకి ఆవిడ గంప కింద పెట్టి కాసేపు అటు తిరిగి నిలబడింది.

అలకమ్మ పొదుగు శుక్రవారానికి దిగింది, ఆదివారానికి నిండింది. సోమవారం సాయంత్రం సీసాలమ్మ నీళ్ళ బకెట్టుతో వెళ్ళేసరికి షెడ్డులో ముసలాయన! దడి లోపల! గడ్డి మీద కూచునున్నాడు. అలకమ్మ ఆయన భుజం మీద తల ఆనించి నెమరేస్తోంది. సీసాలమ్మ బకెట్టు ధడాలున కింద పెట్టింది.

"ఏమయ్యా! మాటిచ్చావు కదయ్యా! ఒక్క పూట! ఇంకొక్క పూట ఆగలేకపోయావా?"

"ముట్టుకోలేదే," అన్నాడాయన. "ఒట్టు. చూడు."

చూసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూచునున్నాడు. ఎంతసేపట్నుంచి కూచున్నాడో, మణికట్లు ఎర్రబడిపోయాయి.

"రేపు లారీ ఎక్కితే మళ్ళీ కనపడదు కదే. ఊరికే పక్కన కూచుందామని వచ్చాను. చేతుల మీద నమ్మకం లేక కింద పెట్టుకున్నాను."

ఆ మనిషిని ఏమనాలి? సీసాలమ్మ దడి తీసి లోపలికెళ్ళి, ఆయన కుడి పక్కన కూచుంది. అలకమ్మ ఆవిడ కొంగు కొస నమలడం మొదలెట్టింది. నమలనిచ్చింది.

మంగళవారం పొద్దున లారీ ముందే వచ్చి గేటు దగ్గర ఆగింది. దాని వెనక తలుపు దింపి పలక వేసి ఉంచారు. ఓనరు వచ్చాడు. డాక్టరమ్మ వచ్చింది. ఆవిడే పితుకుతానని అలకమ్మ పక్కన కూచుంది. అలకమ్మ ఒక్క తన్ను తన్నింది. రెండోసారి కూచుంటే పాలు చేపనే లేదు, పొదుగు బిగబట్టుకుని రాయిలా నిలబడింది.

"ఇది బాబాయికి తప్ప ఇవ్వదు పిన్నీ. రండి బాబాయ్," అంది డాక్టరమ్మ.

ముసలాయన ముందుకొచ్చాడు. కానీ కూచోలేదు. ఓనరుకేసి తిరిగి నిలబడ్డాడు. సీసాలమ్మకి అర్థమైపోయింది. వద్దు వద్దని కళ్ళతో సైగ చేసింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి ఆవిడ సైగ ఎప్పుడు విన్నాడు గనక?

"అయ్యా, పరీక్షకి ముందు ఒక మాట. ఇది గీత దాటినా దాటకపోయినా నేను చెప్పాల్సింది చెప్పాలి. ఆ అయిదూ గీత దాటకపోవడానికి కారణం నేను. రోజూ ఎడమ పక్క రెండేసి ధారలు తీశాను. ఒకటి చిక్కదనం చూద్దామని, ఒకటి పిల్లికి. ముందే పితికితే తలుపు మూసుకుంటుందని నాకు తెలీదు. మందులో లోపం లేదు, డాక్టరమ్మ తప్పూ లేదు. గొర్రెలదసలే లేదు. పంపించాలంటే నన్ను పంపించండి."

ఓనరు మొహం ఎర్రబడింది. "ఎన్నేళ్ళ సర్వీసయ్యా నీది? ముట్టుకోవద్దంటే ముట్టుకుంటావా?"

"ముట్టుకున్నానండీ."

డాక్టరమ్మ మాత్రం లేచి నిలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "బాబాయ్! ఎనిమిది రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను కదా నేను! రాత్రులు నిద్రపోకుండా లెక్కలు చూసుకున్నాను! అంటే ఆ అయిదింటికీ కుడి పక్క తలుపు తెరుచుకునే ఉందా?" ఓనరు వైపు తిరిగింది. "సార్, మందు పనిచేసింది. ఎడమ పక్క మూసుకోవడం కూడా దానికి సాక్ష్యమే. ముందు తెరుచుకుంటేనే కదా మూసుకునేది!"

"అవన్నీ నాకొద్దు. ఈ గొర్రె సంగతి తేల్చండి," అన్నాడు ఓనరు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

ముసలాయన ఎడమ మోకాలి మీద కూలబడ్డాడు. ఎనిమిది రోజులుగా ఏ పొదుగునీ తాకని చేతులు. అవి వణుకుతున్నాయి. అలకమ్మ తల తిప్పి ఆయన్ని ఒకసారి వాసన చూసింది, కాళ్ళు ఎడం చేసి నిలబడింది. మొదటి ధార ఎడమ సీసాలో పడింది. తర్వాత కుడి సీసాలో.

సీసాలమ్మ గొట్టం చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడింది. అందరూ ఆవిడనే చూస్తున్నారు. ఆవిడ గొట్టాన్ని చంకలో పెట్టుకుంది. వంగి తన బొటనవేలు మొగుడి ముందుకి చాపింది.

"ముందు గోరు చెప్పనీ," అంది. "నీ గోటికి ఇవాళ చెయ్యి ఆగడంలేదు. నాది తీసుకో."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఎడమ సీసాలోంచి ఒక చుక్క తీసి ఆవిడ గోటి మీద వేశాడు. మీగడ రంగు చుక్క. ఆవిడ వేలు వంచింది. ఇంకా వంచింది. నిలువుగా వంచేసింది.

చుక్క కదల్లేదు.

అప్పుడు ఎడమ సీసాలోంచి ఇంకో చుక్క గొట్టానికి వేసి చూసింది. చూసి, గొట్టం డాక్టరమ్మకిచ్చింది. డాక్టరమ్మ చూసి ఓనరుకిచ్చింది. ఓనరు ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఎడమ ఇరవై ఆరు," అన్నాడు చివరికి. కుడి సీసా చుక్క కూడా వేయించుకుని చూశాడు. "ఇది ఇరవై అయిదు."

"పెద్ద ల్యాబ్‌కి పంపి యాంటీబాడీలు కూడా లెక్క కట్టిద్దాం సార్. కానీ ఇంత చిక్కదనం ఊరికే రాదు," అంది డాక్టరమ్మ. మాట పూర్తవకుండానే వెళ్ళి సీసాలమ్మని కావలించుకుంది.

ఓనరు గొట్టం తిరిగిచ్చేసి, గేటు వైపు నడుస్తూ, "ఆ పలక ఎత్తేసి బండి తీసుకుపోవయ్యా," అని కేకేశాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "పెద్ద కాపరీ! ఆ పిల్లిని కూడా కాస్త పస్తు పెట్టు. గేటు దాకా నడవలేకపోతోంది."

లారీ ఖాళీగా వెళ్ళింది. దాని చప్పుడు మలుపు తిరిగేదాకా ముసలాయన లేవలేదు. అలకమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, ఉన్నిలో మొహం దాచుకుని, మోకాలి మీద అలాగే ఉండిపోయాడు. అందరి ముందూ ఏడ్చేశాడు. సీసాలమ్మ అడ్డంగా నిలబడి, "ఏముంది చూడ్డానికి? వెళ్ళండి, ఎవరి పని వాళ్ళు చూసుకోండి," అని మిగిలినవాళ్ళని కసిరింది. ఆవిడ కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయా?

మధ్యాహ్నం ఇంట్లో రెండు కంచాలూ పెట్టి సీసాలమ్మ వడ్డించింది. ముసలాయన బల్ల ఎడమ చివర కూచున్నాడు. కంచం వైపు చూస్తున్నాడు, ముద్ద ముట్టడు.

"ఏమైంది? నువ్వూ అలిగావా?"

"లేదే. ఇంకా ఒళ్ళు తేలిగ్గా ఉంది. అంతే."

"చెప్పొద్దన్నాను కదయ్యా. అలా అందరి ముందూ చెప్పేశావు. ఆయన నిజంగానే పొమ్మనుంటే?"

"పొమ్మంటే పోయేవాళ్ళం. అది మళ్ళీ నా దగ్గరికొచ్చి నా భుజం మీద తల పెట్టిందే. నా తప్పు ఇంకొకరి నెత్తిన వేసి దాని పాలు పితకడానికి చేతులు రాలేదు."

ఆవిడ కూరగిన్నె మూత పెట్టి, తన కంచం ముందు కూచుంది. ఆయన ఇంకా తినడంలేదు. అప్పుడు చూసింది. రెండు చేతులూ తొడల కింద ఉన్నాయి. అలవాటైపోయింది పాపం, అలాగే కూచున్నాడు.

"గండం గడిచింది కానీ, ఇక బయటికి తియ్యవయ్యా వాటిని," అంది సీసాలమ్మ.

ఆయన కదలకపోతే తనే వంగి ఒక్కో చెయ్యీ లాగి బల్ల మీద పెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. వాటిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దుతూ కూచుంది, అన్నం చల్లారిపోతున్నా. ఆవిడ బొటనవేలి గోటి మీద పొద్దుటి చుక్క ఇంకా ఉంది. పాలు ముట్టాక చెయ్యి కడుక్కోకుండా గుమ్మం దాటని మనిషి, ఆ ఒక్క వేలు మాత్రం ఆవిడ కడుక్కోలేదు.